సీసాలోని రంగు, చర్మంలోని రంగు

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో ఎమ్మెస్ చదువుతోంది. సంక్రాంతికి వచ్చి, వెళ్లేటప్పుడు ఒక లోషన్ సీసా ఇక్కడే మరచిపోయింది. మామూలు లోషన్ అనుకుని రెండు రోజులు చేతులకు, మెడకు రాసుకుని, మూడో రోజు కొత్తపట్నం సముద్రతీరానికి వెళ్లాను. ఇప్పుడు అరచేతులు, మోచేతులు పసుపు కలిసిన గోధుమరంగుకు తిరిగాయి. ఎంత కడిగినా పోవడం లేదు. సీసా మీద ‘బ్రాంజర్’, ‘యాక్సిలరేటర్’ అని ఉంది. ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలనే వెదజల్లే యంత్రంలో పడుకుని ఒంటిరంగు ముదురు చేసుకునేవాళ్లు ముందుగా రాసుకునే లోషన్ అదని, రూమ్మేటు ఇచ్చిందని మా అమ్మాయి ఫోనులో చెప్పింది. దీనివల్ల ప్రమాదమా? కనీసం ఎండ నుంచైనా కాపాడుతుందా?
— ఒక గృహిణి, ఒంగోలు

జవాబు: అమ్మా, మీ అరచేతుల రంగు చూసి భయపడవలసిన పని లేదు. అయితే ఆ లోషన్ రాసుకుని ఎండలోకి వెళ్లడం మాత్రం మంచిది కాదు. ఈ రెండింటికీ కారణాలు వేరు కనుక విడివిడిగా చెబుతాను.

బ్రాంజర్ అంటే చర్మానికి పైపైన గోధుమరంగు ఇచ్చేది. ఇందులో రెండు రకాలున్నాయి. కారమెల్ వంటి రంగులతో చేసినది రాయగానే కనిపించి, స్నానంతో పోతుంది, బట్టలకూ అంటుతుంది. రెండవ రకంలో ఉండేది డైహైడ్రాక్సీఅసిటోన్ అనే చక్కెర పదార్థం. సీసాల మీద దీన్ని డీహెచ్ఏ అని పొడి అక్షరాలతో రాస్తారు. గర్భిణులకు డాక్టర్లు రాసే మాత్రలలోని డీహెచ్ఏ చేపనూనెకు సంబంధించిన వేరే పదార్థం. అక్షరాలు ఒకటైనంత మాత్రాన రెండూ ఒకటే అనుకోకండి. ఈ చక్కెర చర్మపు పైపొరలోని మృతకణాలలో ఉన్న అమైనో ఆమ్లాలతో కలిసినప్పుడు, వేరుశనగ గింజలు వేగేటప్పుడు గోధుమరంగు తిరగడంలో జరిగే చర్యకు దగ్గరి చర్యే జరుగుతుంది. రంగు కొన్ని గంటల తరువాత కనిపించడం మొదలై, ఒక రోజులో పూర్తిగా తేలుతుంది. 1950లలో సిన్సినాటిలో ఎవా విట్‌గెన్‌స్టైన్ అనే శాస్త్రవేత్త జబ్బుపడిన పిల్లలకు దీన్ని నోటిద్వారా ఇస్తున్నప్పుడు, చర్మం మీద ఒలికిన చోట మచ్చలు పడటం గమనించి, ఈ గుణాన్ని గుర్తించారు.

గోరింటాకు అరచేతిలో పండినంత బాగా చేతి వెనుక పండదని మీకు తెలిసిందే. అరచేతిలో మృతకణాల పొర మందంగా ఉండటమే దానికి కారణం; మీ అరచేతులు, మోచేతులు ఎక్కువగా రంగు తిరగడానికీ అదే కారణం. ఆ పొర రాలిపోతేనే రంగు పోతుంది కనుక సబ్బుతో లాభం లేదు. ఒంటి మీద సాధారణంగా వారం రోజుల్లో తగ్గిపోతుంది, అరచేతిలో మరికొన్ని రోజులు పట్టవచ్చు. గోరువెచ్చని నీటిలో నానబెట్టి మెత్తని గుడ్డతో నెమ్మదిగా రుద్దితే చాలు. నిమ్మచెక్కతో, పీచుతో గట్టిగా తోమి చర్మాన్ని పుండు చేసుకోవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను.

యాక్సిలరేటర్ సంగతి వేరు. అది రంగు వేయదు, శరీరం తయారుచేసుకునే మెలనిన్ అనే రంగును త్వరగా పెంచుతానంటుంది. అతినీలలోహిత కిరణాలు తగిలినప్పుడు చర్మంలోని కణాలు టైరోసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి మెలనిన్‌ను తయారుచేస్తాయి కాబట్టి, ఈ లోషన్లలో టైరోసిన్ కలుపుతారు. కానీ మనం తినే పప్పు, పాలు, గుడ్డు నుంచి శరీరానికి టైరోసిన్ అందుతూనే ఉంటుంది, మెలనిన్ తయారీ దాని కొరతవల్ల ఆగడం లేదు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ కూడా ఇటువంటి యాక్సిలరేటర్లను ఆమోదం లేని మందులుగానే పరిగణించింది. నా అభిప్రాయంలో ఆ మాటకు డబ్బు పెట్టడం వృథా. కొన్ని సీసాలలో ‘టింగిల్’ అనే మాట కూడా ఉంటుంది. అది రక్తప్రసరణ పెంచి చర్మాన్ని ఎర్రబరచి మంటపుట్టిస్తుంది, సున్నితమైన చర్మానికి అసలే పనికిరాదు.

ఇక మీరు అడిగిన చివరి మాట అన్నిటికంటే ముఖ్యమైనది. యంత్రంలో పడుకునేముందు రాసుకునే లోషన్‌లో మామూలుగా సన్‌స్క్రీన్ ఉండదు, ఎందుకంటే కిరణాలను అడ్డుకోవడం దాని ఉద్దేశమే కాదు. బ్రాంజర్ ఇచ్చే రంగు మెలనిన్ కాదు కనుక, దాన్ని నమ్ముకుని ఎండలో నిలబడితే చర్మం కమిలిపోతుంది. సహజమైన నలుపు కూడా పూర్తి కవచం కాదు. ఉప్పు కొఠారులలో పనిచేసేవారు తలగుడ్డ, పొడుగు చేతుల చొక్కా లేకుండా ఎండలోకి దిగకపోవడం మీరు చూసే ఉంటారు. మీ అమ్మాయికి మాత్రం ఒక మాట గట్టిగా చెప్పండి: ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2009లో ఆ యంత్రాలను పొగాకు ఉన్న మొదటి వర్గంలోనే, అంటే మనుషులకు క్యాన్సర్ కలిగిస్తాయని రుజువైన వర్గంలో చేర్చింది. అదే సంవత్సరం బ్రెజిల్ అందం కోసం వాటిని వాడటాన్ని నిషేధించింది. లోషన్ మార్చినంత మాత్రాన యంత్రం మారదు.

ప్రశ్న: నాకు చేతుల మీద, పెదవి పక్కన బొల్లి మచ్చలున్నాయి. వచ్చే నెలలో మా అన్నయ్య పెళ్లి. యాక్సిలరేటర్ రాసుకుని ఎండలో కూర్చుంటే మచ్చలు రంగు తిరుగుతాయా? బ్రాంజర్ వాడవచ్చా?
— ఒక విద్యార్థిని, కావలి

జవాబు: యాక్సిలరేటర్ వద్దమ్మా. బొల్లి మచ్చలో మెలనిన్ తయారుచేసే కణాలే నశించి ఉంటాయి. వంటమనిషి లేని వంటింటికి బియ్యం బస్తాలు మోస్తే అన్నం ఉడకదు కదా. పైగా ఆ చోట చర్మం ఎండకు త్వరగా కాలుతుంది. కాలిన చోట, గీరుకుపోయిన చోట కొత్త మచ్చలు రావచ్చు. టింగిల్ రకం లోషన్లకు దూరంగా ఉండమనేది కూడా ఇందుకే. డాక్టర్లు బొల్లికి కిరణచికిత్స ఇస్తారు కానీ, అది అతినీలలోహిత కిరణాలలో 311 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరి కొద్ది భాగాన్నే వేరుచేసి, మోతాదు లెక్కకట్టి చేసేది. ఎండలో కూర్చోవడం దానికి సాటి కాదు.

డీహెచ్ఏ ఉన్న బ్రాంజర్ మాత్రం మచ్చలను కప్పడానికి నిజంగా ఉపయోగపడుతుంది, చర్మవైద్యులు కూడా సూచిస్తారు. అది జబ్బును నయం చేయదు, కొద్ది రోజులు కనిపించకుండా చేస్తుంది. చుట్టూ ఉన్న చర్మానికి అంటితే అక్కడా ముదురుతుంది కనుక, దూదిపుల్లతో మచ్చ వరకే రాయాలి. పెదవులకు, కళ్ల దగ్గర రాయకూడదు, పెదవి పక్క మచ్చకు డాక్టరు చెప్పిన కవరింగ్ క్రీమే వాడండి. పెళ్లికి పదిహేను రోజుల ముందే చేతి మీద ఒక చిన్న మచ్చకు రాసి, రంగు ఎలా కుదిరిందో, దురద వచ్చిందో లేదో చూసుకోండి. ఈలోగా ఒకసారి నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలోని చర్మవ్యాధుల విభాగానికి వెళ్లి చూపించుకుంటే, పెళ్లి తరువాత కొనసాగించవలసిన చికిత్స కూడా మొదలవుతుంది.