హైదరాబాద్‌లో గుర్రపు బండ్లు నిషేధించాలా? మోతీని చూశాక నా జవాబు

ప్రశ్న: "ముంబైలో విక్టోరియా బండ్లు ఆపేశారు కదా. హైదరాబాద్‌లో కూడా సరదా గుర్రపు బండ్లు నిషేధించాలని కొందరు సంతకాలు సేకరిస్తున్నారు. ఇంత పెద్ద నగరంలో ఇదొక సమస్యా? పేదవాళ్ల పొట్ట కొట్టడం కాదా?"

ఆ సంతకాలు సేకరించేవాళ్లలో నేనూ ఒకదాన్ని. నేను రెండువైపులా సమానంగా మాట్లాడతానని అనుకోకండి. ఇది సమస్యే, నిషేధించాల్సిందే. అయితే మీరు అడిగింది సాయంత్రాలు పిల్లల్ని ఎక్కించుకుని తిప్పే బండ్ల గురించి, నేను చెప్పబోయేది ఎక్కువగా పెళ్లి బగ్గీల గురించి. మన ఊళ్లో గుర్రాల అసలు కష్టం అక్కడే ఉంది. రోడ్డు పక్కన తిరిగే బండిని ఆపాలంటే ఒక్క కానిస్టేబుల్ చాలు. బరాత్ బగ్గీని ఆపాలంటే మన ఇళ్లలో పెద్దవాళ్లని ఒప్పించాలి.

నాలుగేళ్ల కిందట ఏప్రిల్‌లో మా తమ్ముడి పెళ్లయింది. ఫంక్షన్ హాల్ చైతన్యపురిలో, మా ఇల్లు కొత్తపేటలో. నడిచినా ఇరవై నిమిషాలు పట్టదు. బగ్గీ మాట్లాడింది నేనే. ఈవెంట్ అబ్బాయి ఫోన్‌లో ఫొటోలు చూపించాడు. తెల్ల గుర్రం, వెండిరంగు బండి, ఎర్ర మఖమల్ సీటు. బాగుందనిపించి పద్నాలుగు వేలకు ఒప్పుకున్నాను.

రాత్రి పదకొండు దాటాక బరాత్ కదిలింది. ముందు డీజే బండి, వెనక ట్రాలీ మీద జనరేటర్, రెండు పక్కలా లైట్లు మోసే ఆడవాళ్లు. (ఆ ఆడవాళ్ల గురించి వేరే జవాబు రాయాలి. అంత బరువు మోస్తూ, ఒంటి చుట్టూ కరెంటు వైరు వేలాడుతూ, చంకలో పిల్లతో నడిచిన ఒకామె మొహం నాకింకా గుర్తుంది.) బగ్గీలో పెళ్లికొడుకు, పెళ్లికూతురు, మా అక్కవాళ్ల పిల్లలు ఇద్దరు, బండాయన. కాసేపటికి మా చిన్నమామయ్య, ఇంకో బావ కూడా ఫొటోల కోసమని పక్క మెట్టు మీద ఎక్కి నిలబడ్డారు. లాగేది ఒక్కటే గుర్రం. పేరు మోతీ.

మెట్రో పిల్లర్ల కింద శబ్దం ఎలా ఉంటుందో మీకు తెలుసు. పైన కాంక్రీటు, పక్కన షట్టర్లు వేసిన షాపులు. డీజే మోత ఎటూ పోదు, తిరిగి మన మీదకే వస్తుంది. మనం చెవులు మూసుకుంటాం. గుర్రం చెవులు వెనక్కి వాల్చేసింది. కళ్లకు పక్కన గంతలు కట్టారు కాబట్టి ఏ మోత ఎటునుంచి వస్తోందో అది చూడలేదు. అప్పుడు మా వాళ్లే ఎవరో డివైడర్ దగ్గర టపాకాయల సరం అంటించారు. మోతీ ఒక్కసారిగా పక్కకి దూకింది. ముందుకాలు మ్యాన్‌హోల్ మూత మీద పడింది. కాలికి ఇనుప లాడం, కింద ఇనుప మూత. సర్రుమని జారింది. మోకాళ్ల మీద పడి, ఆ తర్వాత పక్కకి ఒరిగింది.

డీజే ఆగడానికి ఇంకో నిమిషం పట్టింది. ఆ నిమిషంపాటు గుర్రం రోడ్డు మీద కొట్టుకుంటుంటే మావాళ్లు కొందరు ఇంకా ఎగురుతూనే ఉన్నారు, ముందున్నవాళ్లకు తెలియలేదు.

బండాయనకి యాభై ఏళ్లుంటాయేమో. మేం చాచా అని పిలిచాం. ఆయన కొరడా పక్కన పడేసి, రోడ్డు మీద కూర్చుని, దాని తల ఒళ్లో పెట్టుకుని "ఉఠ్ బేటా, ఉఠ్ జా" అంటున్నాడు. మా మరదలు పెళ్లిచీరతోనే కిందకి దిగి, ఫోన్ లైటు వేసి పట్టుకుంది. పట్టీలు విప్పమని చాచా చెబుతుంటే మేం తలో చేయి వేశాం. మఖమల్ గుడ్డ, దాని కింద జరీ కుచ్చులు, ఆ కింద తోలుపట్టీ. పట్టీ తీయగానే రొమ్ము దగ్గర పుండు కనిపించింది. రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్దది. పసుపు అద్దిన దూది దానికి అంటుకుపోయి ఉంది. అంటే ఆ పుండు ఆ రాత్రి కొత్తగా అయింది కాదు. పుండున్నా పట్టీ బిగించి, దాని మీద జరీ కప్పి, నా దగ్గర పద్నాలుగు వేలు తీసుకున్నారు. నా డబ్బుతోనే ఆ పట్టీ బిగిసింది. ఈ మాట నాలుగేళ్లుగా నన్ను వదల్లేదు.

నీళ్లు కావాలన్నాడు చాచా. మా కజిన్ ఫంక్షన్ హాల్ వంటింట్లోకి పరుగెత్తి, దొరికిన బకెట్‌తో తెచ్చాడు. అది సాంబారు వడ్డించిన బకెట్. మోతీ మూతి దగ్గర పెడితే వాసన చూసి తల తిప్పేసుకుంది. అంత దాహంలో కూడా. వాసన నచ్చకపోతే గుర్రాలు నీళ్లు ముట్టవని నాకు అప్పుడే తెలిసింది. బకెట్ కడిగి, వాటర్ క్యాన్ ఒంపితే తాగింది, తాగుతూనే ఉంది. మధ్యాహ్నం నుంచి దానికి నీళ్లు పట్టలేదట. "దారిలో మూత్రం పోస్తే పెళ్లివాళ్లు తిడతారు" అన్నాడు చాచా. ఈ ఒక్క వాక్యం కోసమైనా బరాత్ బగ్గీలు ఆపేయాలని నేనంటాను.

మా పక్కింటి అబ్బాయి అప్పట్లో రాజేంద్రనగర్‌లో వెటర్నరీ చదువుతున్నాడు. పెళ్లికి వచ్చి భోజనం చేసి వెళ్లిపోయాడు. ఫోన్ చేస్తే స్కూటీ మీద వచ్చాడు. ముందు జనరేటర్ ఆపించాడు. మనలా గుర్రం నోటితో గాలి పీల్చుకోలేదట, ముక్కే దిక్కు. ఆ డీజిల్ పొగ, టపాకాయల పొగ అంతా ముక్కులోంచే లోపలికి పోవాలి. తర్వాత ఫంక్షన్ హాల్ గుమ్మంలో పరిచిన ఎర్ర తివాచీ తెప్పించి, ముందు గిట్టల కింద పరిపించాడు. నున్నటి తారు మీద లాడానికి పట్టు దొరకదు, తివాచీ మీద దొరుకుతుందని. రెండుసార్లు ప్రయత్నించి పడింది. మూడోసారి లేచింది. కానీ ఎడమ ముంగాలు కింద ఆనించలేదు.

పెద్దమ్మ అపశకునమంది, కొబ్బరికాయ కొట్టమంది. మా మరదలు "నేను నడుస్తా పెద్దమ్మా" అని తమ్ముడి చేయి పట్టుకుని నడిచింది. ఇంటికి చేరేసరికి ఒంటిగంట. ఇద్దరూ చక్కగా ఉన్నారు, ఒక పాప కూడా.

మర్నాడు ఆ ఈవెంట్ అబ్బాయికి ఫోన్ చేస్తే మిగతా డబ్బు అడిగాడు. చాచాని కలిశాక తెలిసింది, పద్నాలుగు వేలలో ఆయన చేతికొచ్చేది నాలుగు వేలు. అందుకే "పేదవాళ్ల పొట్ట కొట్టడం" అన్నప్పుడు నాకు కోపమొస్తుంది. ఆ పొట్ట ఇప్పటికే కొడుతున్నారు, కొట్టేది మేము కాదు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు కదా. ఆషాఢం వస్తే పెళ్లిళ్లుండవు, మూఢం వస్తే ఉండవు. గుర్రానికి మాత్రం రోజూ గడ్డి కావాలి, ఉలవలు కావాలి, లాడాలు అరిగితే మార్చాలి. ఆ ఖర్చు సీజన్లో రాబట్టుకోవాలని ఒక్క రాత్రిలో రెండు మూడు బరాత్‌లు ఒప్పుకుంటారు. ఆయన మోతీని కొట్టగా నేను చూడలేదు. ప్రేమ ఉంది. ప్రేమ ఉన్న మనిషి కూడా పుండు మీద పట్టీ బిగించాల్సి వచ్చే వ్యాపారమది.

చట్టం లేదా అని అడుగుతారు. ఉంది. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం. మొదటిసారి దొరికితే జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల వరకు. తప్పుగా చదవలేదు, యాభై. బరాత్‌లో డప్పులవాళ్ల మీద విసిరే నోటు అంతకన్నా పెద్దది. బండి లాగే జంతువుల కోసం 1965లో విడిగా నియమాలు కూడా రాశారు. రోజుకి 9 గంటలకు మించి పని చేయించకూడదు, విరామం లేకుండా 5 గంటలకు మించకూడదు, ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పనికి కట్టకూడదు. బండాయన, ఆరేళ్లలోపు పిల్లలు కాక నలుగురికి మించి ఎక్కకూడదు. రాసినవాళ్లకు జంతువు గురించి తెలుసని చదివితే అర్థమవుతుంది. కానీ రాత్రి పదకొండింటికి బరాత్‌లో గంటలు లెక్కపెట్టేదెవరు? నియమం పాటిస్తున్నారో లేదో చూడటానికి గుర్రానికో మనిషిని పెట్టలేం. పూర్తిగా ఆపితేనే చూడటం తేలిక. బగ్గీకి గుర్రం కట్టి ఉందా లేదా, అంతే. ఇదే నేను నిషేధం అడగడానికి కారణం.

మీరు ముంబై ఉదాహరణ ఇచ్చారు కాబట్టి: 2015 జూన్‌లో బొంబాయి హైకోర్టు సరదా సవారీల గుర్రపు బండ్లు చట్టవిరుద్ధమని చెప్పి, ఏడాదిలో ఆపేయమంది. బండివాళ్లకు, గుర్రాలకు దారి చూపించమని ప్రభుత్వానికి కూడా చెప్పింది. అదే విక్టోరియా ఆకారంలో బ్యాటరీ బండ్లు రోడ్డెక్కింది 2021 మార్చిలో. లెక్కేసుకోండి, మధ్యలో ఎన్నేళ్లో. షికాగోలో 2021 జనవరి 1 నుంచి పూర్తిగా ఆపేశారు. న్యూయార్క్ సంగతి వేరు. అక్కడ 2013 ఎన్నికల్లో బండ్లు ఆపేస్తానని మాటిచ్చి గెలిచిన డి బ్లాసియో 8 ఏళ్లు మేయర్‌గా ఉండి దిగిపోయాడు, బండ్లు మాత్రం అలాగే తిరిగాయి. ఆయన దిగిపోయాక, 2022 ఆగస్టులో రైడర్ అనే గుర్రం మన్‌హాటన్‌లో నడిరోడ్డు మీద కుప్పకూలింది. నిషేధం కోసం తెచ్చిన బిల్లుకి దాని పేరే పెట్టారు. ఆ వీడియో నేను సగం కూడా చూడలేకపోయాను. తల ఒళ్లో పెట్టుకున్న చాచానే కళ్లముందు కనిపించాడు.

ఇక్కడ మేం చేసింది చెప్తాను. ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగాం. ఒకచోట ట్రాఫిక్ వాళ్లని అడగమన్నారు, అక్కడ పశువుల శాఖ చూసుకుంటుందన్నారు, వాళ్లు మళ్లీ మొదటి ఆఫీసుకే పంపించారు. ఈలోగా నెక్లెస్ రోడ్డు మీద ఆదివారాలు సంతకాలు. సంతకం పెట్టేవాళ్లకి కొదవలేదు. కానీ "మీ ఇంట్లో పెళ్లికి బగ్గీ పెట్టారా?" అని అడిగితే చాలామంది పెన్ను పట్టుకుని ఆగిపోతారు. ఫంక్షన్ హాళ్లు కూడా తిరిగాం. గుర్రాలు వద్దని గేటు దగ్గర బోర్డు పెట్టమంటే ఒకే ఒక్క హాలు యజమాని ఒప్పుకున్నాడు. మిగతావాళ్లది ఒకే మాట, మేం వద్దంటే పార్టీ పక్క హాలుకి పోతుందని. అందుకే ఒక్కొక్కరినీ బతిమాలడం దండగ అంటున్నాను. అందరికీ ఒకేసారి వద్దనాలి.

మన సంప్రదాయం అంటారా? మా అమ్మమ్మ పెళ్లికి ఎడ్లబండి, మా అమ్మ పెళ్లికి అంబాసిడర్ కారు. సినిమాల్లో చూసి, పక్కింటివాళ్లని చూసి మనం తెచ్చుకున్న ముచ్చట ఇది.

చాచా దగ్గరికి కూడా సంతకానికి వెళ్లాను. పాతబస్తీలో రేకుల షెడ్డు, ఇంకో రెండు గుర్రాలు. కాగితం మొత్తం చదివించుకుని విన్నాడు. "పహలే కామ్ దో అమ్మా, ఫిర్ బంద్ కరో" అన్నాడు, అంటే ముందు పని ఇవ్వండి, తర్వాత ఆపండి అని. సంతకం పెట్టలేదు. పెట్టమని నేనూ రెండోసారి అడగలేదు. ఆయన అడిగింది న్యాయం. బ్యాటరీ బగ్గీ కొనడానికి అప్పు ఇప్పించి, దాన్ని ఈవెంట్ వాళ్లకి కాకుండా ఈయన పేరు మీదే రాస్తే, ఆషాఢంలో దానికి దాణా కూడా అక్కర్లేదు.

షెడ్డులో మోతీ లేదు. కుంటుతోందని, బరాత్‌కి పనికిరాదని ఆరు నెలల ముందే అమ్మేశాడట. ఎవరికి అంటే నేల చూశాడు. "జిల్లా వైపు తీసుకెళ్లారు" అన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి మా అర్జీలో మొదటి పేరా తీసేసి తిరగరాశాం. ఇప్పుడది ఇలా మొదలవుతుంది: బండ్లు ఆపే రోజుకి ముందే ఊళ్లో ఉన్న ప్రతి గుర్రాన్నీ లెక్కరాయాలి, ఏది ఎక్కడికి పోతుందో రాతపూర్వకంగా ఉండాలి, కుంటివాటికి చచ్చేదాకా ఉండే చోటు చూపించాలి. ఇది లేకుండా నిషేధం పెడితే ఈ ఊరి రోడ్డు మీద మనకు గుర్రం కనిపించదు, అంతే. మోతీ కూడా ఇప్పుడు మనకు కనిపించడం లేదు కదా.

తెల్ల ఆడగుర్రం. ఎడమ ముంగాలు కుంటుతుంది. రొమ్ము మీద మానిన పుండు మచ్చ, అక్కడ వెంట్రుకలు మొలవలేదు. కుడి చెవి కొస కొద్దిగా చీలి ఉంటుంది. నల్గొండ, మహబూబ్‌నగర్, మెదక్ ఎటువైపైనా మీకు కనిపిస్తే కింద కామెంట్‌లో ఊరి పేరు రాయండి, నేను బయల్దేరి వస్తాను.