డాక్టర్ సలహా: చలి దేశమా, వానల ఊరా, మన ఉక్కపోతేనా?

ప్రశ్న: నేను బొబ్బిలిలో ఉంటున్న రిటైర్డ్ టీచర్‌ని. వయసు 66. చాలా ఏళ్లుగా బీపీ, షుగర్ ఉన్నాయి. ఏడాదిగా రాత్రిపూట ఇన్సులిన్ కూడా వేసుకుంటున్నాను. చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉంది. దుమ్ము తగిలినా, చలిగాలి తగిలినా ఆయాసం వస్తుంది. ఇన్‌హేలర్ అవసరమైనప్పుడే వాడతాను. నా భార్యకు 61. బీపీకి టెల్మిసార్టాన్, క్లోర్‌థాలిడోన్ కలిసిన బిళ్ల వేసుకుంటుంది. మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి. ముసురు పట్టిందంటే నొప్పులు ఎక్కువై మెడికల్ షాపులో బిళ్లలు తెప్పించుకుంటుంది. మా అబ్బాయి కెనడాలో ఎడ్మంటన్‌లో, అమ్మాయి మంగళూరులో ఉన్నారు. ఇద్దరూ వచ్చేయమంటున్నారు. ఇక్కడి ఎండలూ ఉక్కపోతా మాకూ భరించలేనట్టుగా ఉన్నాయి. గత జూలైలో ఎడ్మంటన్‌లో నెల రోజులు ఉంటే ఒక్కసారి కూడా ఆయాసం రాలేదు. చలి, వాన, ఎండ... మాలాంటి వాళ్లకు ఏ వాతావరణం మంచిది? ఇల్లు అమ్మేసి వెళ్లిపోవచ్చా?

జవాబు: మాస్టారూ, మీరు ఎడ్మంటన్‌ని చూసింది జూలైలో. ఏడాది మొత్తంలో అక్కడ హాయిగా ఉండే నెల అదే. పగలు 22, 23 డిగ్రీలు, రాత్రి బాగా పొద్దుపోయేదాకా వెలుతురు. ఆ లెక్కన బొబ్బిలిని డిసెంబరులో చూసిన కొత్తవాళ్లు కూడా ఇంతకు మించిన ఊరు లేదనే అంటారు. ఒక ఊళ్లో స్థిరపడాలంటే దాని మంచి నెలను కాదు, చెడ్డ నెలను చూడాలి. మీకు ఆయాసం రాకపోవడానికి కారణం కూడా ఉంది. అక్కడి గాలిలో తేమ తక్కువ. పరుపుల్లో, దుప్పట్లలో ఉండి ఉబ్బసాన్ని రేపే కంటికి కనబడని దుమ్ము పురుగులు తేమ లేకపోతే బతకలేవు. ఆ లాభం నిజమే, కాదనను.

కానీ అదే ఊళ్లో జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నాకు పది డిగ్రీల దాకా కింద ఉంటుంది. మైనస్ 30కి దిగే రోజులూ ఉంటాయి. చలిగాలి తగిలితే ఆయాసం వస్తుందని మీరే రాశారు. చల్లటి, పొడి గాలి శ్వాసనాళాలను ఆరబెట్టి ముడుచుకునేలా చేస్తుంది. గుమ్మం దాటి నాలుగు అడుగులు వేసేసరికి ఛాతీ పట్టేసినట్టు అవుతుంది. ఇంట్లో హీటర్ వల్ల వెచ్చగా ఉన్నా గాలి ఇంకా పొడిబారి చర్మం దురద, ముక్కులోంచి రక్తం రావడం మామూలే. దీనికి తోడు ఈ మధ్య కొన్ని వేసవుల్లో ఆ ప్రాంతంలో అడవుల మంటల పొగ ఊళ్ల మీదకు వస్తోంది. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ రోజుల్లో తలుపులు వేసుకుని కూర్చోవలసిందే.

గుండె సంగతి ఇంకా ముఖ్యం. చలికి ఒంట్లో వేడి బయటకు పోకుండా చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుంటాయి. దాంతో బీపీ పెరుగుతుంది, రక్తం గడ్డకట్టే గుణం కూడా పెరుగుతుంది. చలికాలంలో గుండెపోట్లు, పక్షవాతాలు ఎక్కువ కావడానికి ఇదొక కారణం. 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం 13 దేశాల్లో 7 కోట్లకు పైగా మరణాలను లెక్కలోకి తీసుకుంది. వాటిలో చలికి ముడిపడినవి 7.29 శాతం, వేడికి ముడిపడినవి 0.42 శాతం. మన దేశం అందులో లేదు కాబట్టి ఆ అంకెలను బొబ్బిలికి అంటగట్టకూడదు. నాకు అందులో నచ్చిన విషయం వేరే. జనానికి అన్నిటికన్నా తక్కువ ప్రాణాపాయం ఉండే ఉష్ణోగ్రత అన్ని ఊళ్లకూ ఒకటి కాదు. చల్లటి దేశాల వాళ్లకు ఒకటి, వేడి దేశాల వాళ్లకు మరొకటి. అంటే ఎవరి ఒళ్లూ, ఎవరి ఇళ్లూ వాళ్లు ఉన్న చోటికి తగ్గట్టు కుదురుకుంటాయి. అరవై దాటాక ఆ కుదురు మార్చుకోవడం కష్టం, కుదరదని మాత్రం అనను.

చలికాలంలో అక్కడే ఉండాల్సి వస్తే ముక్కు, నోరు కప్పేలా మఫ్లర్ చుట్టుకోండి. బయటకు వెళ్లే పావుగంట ముందు ఇన్‌హేలర్ వాడాలా అని మీ డాక్టర్‌ని అడగండి. ఇన్సులిన్, గ్లూకోమీటర్ కోటు లోపలి జేబులో పెట్టుకోండి, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. అబ్బాయి ఆఫీసుకు వెళ్లాడు కదా అని గుమ్మం ముందు మంచు మీరు తవ్వకండి. ఆ పని చేస్తూ గుండెపోటు వచ్చి పడిపోయేవాళ్లు అక్కడ ప్రతి ఏడూ ఉంటారు. మంచు మీద జారి తుంటి ఎముక విరిగితే అమ్మగారి మోకాళ్ల నొప్పి చాలా చిన్న సమస్య అనిపిస్తుంది. వెళ్లే ముందు విటమిన్ డి చూపించుకోండి. ఆ చలికాలపు ఎండ మన రంగు చర్మానికి దాదాపు ఏమీ ఇవ్వదు.

ఇక మంగళూరు. బొబ్బిలిలో ఏడాదికి ఇంచుమించు 1,100 మిల్లీమీటర్ల వాన పడుతుందనుకుంటే అక్కడ దానికి మూడింతలు. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. వణికించే చలి లేదు, మన రోహిణి కార్తె ఎండలూ లేవు. బీపీకీ గుండెకూ నిలకడగా ఉండే వాతావరణం, మంచి ఆసుపత్రులూ ఉన్నాయి. ఇబ్బంది మీ ఊపిరితిత్తులకే. గోడలు చెమ్మగిల్లుతాయి, బీరువాలో బట్టలకు బూజు పడుతుంది. ఆ బూజూ, దుమ్ము పురుగులూ కలిస్తే ఉబ్బసానికి పండగే. అమ్మాయి ఇల్లు కింది అంతస్తులో ఉందా, పడకగదిలోకి ఎండ వస్తుందా అని ఇప్పుడే అడిగి తెలుసుకోండి. ఉబ్బసం రోగికి ఊరి పేరు కన్నా పడకగది గోడ ముఖ్యం. జ్వరాల భయం కొంత ఉంటుంది కానీ, మలేరియా, డెంగీ, వాన నీళ్లలో తిరిగితే వచ్చే లెప్టోస్పైరోసిస్ మన జిల్లాలకు కొత్తవేమీ కావు. పార్వతీపురం, సీతంపేట వైపు బంధువులున్నవాళ్లకు మలేరియా గురించి నేను చెప్పేదేముంది!

ముసురుకూ మోకాళ్లకూ సంబంధం ఉందా? అమెరికాలో కోటికి పైగా ఆసుపత్రి సందర్శనలను వాన రోజులతో పోల్చి 2017లో చూస్తే తేడా కనబడలేదు. బ్రిటన్‌లో 2019లో వచ్చిన మరో అధ్యయనంలో తేమ ఎక్కువైన రోజుల్లో నొప్పి కొద్దిగా పెరిగినట్టు తేలింది. నా ఉద్దేశంలో వానాకాలం నొప్పికి సగం కారణం నాలుగు రోజులు కదలకుండా కూర్చోవడం. ఎడ్మంటన్ వెళ్లినా మోకాళ్లు మారవు, బరువు తగ్గి తొడ కండరాలు గట్టిపడితేనే మారతాయి.

ఇప్పుడు మన ఊరు. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీరు వెళ్లినా వెళ్లకపోయినా వచ్చే ఏప్రిల్ వచ్చే తీరుతుంది.

రెంటచింతలలో 45 డిగ్రీలని టీవీలో చూసి, మనకు 38 అంటే నయమే అనుకుంటాం. ఒంటికి ఆ లెక్క వర్తించదు. చెమట పట్టడం వల్ల ఒళ్లు చల్లబడదు, ఆ చెమట ఆరడం వల్ల చల్లబడుతుంది. ముసురులో ఆరేసిన తువ్వాలు సాయంత్రానికీ తడిగానే ఉన్నట్టు, సముద్రపు తేమ నిండిన గాలిలో చెమట ఆరదు, కారుతుంది. నీళ్లూ ఉప్పూ పోతాయి, వేడి మాత్రం ఒంట్లోనే ఉండిపోతుంది. అరవై దాటినవాళ్లకు దాహం కూడా సరిగా తెలియదు. పైగా పగలంతా కాగిన స్లాబు రాత్రంతా వేడిని కక్కుతుంది, నిద్ర ఉండదు. పాత పెంకుటిళ్లలో ఈ బాధ ఇంత లేదు.

వేసవిలో రక్తనాళాలు వ్యాకోచించి బీపీ కొంత తగ్గుతుంది. అమ్మగారి బిళ్లలోని క్లోర్‌థాలిడోన్ ఒంట్లో నీటిని మూత్రంలో పంపే మందు. చెమట ఒకవైపు, ఈ మందు ఒకవైపు నీళ్లు లాగేస్తే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి, సోడియం పడిపోతుంది. దాని మీద నొప్పి బిళ్ల, అంటే డైక్లోఫినాక్, అసిక్లోఫినాక్, ఇబుప్రోఫెన్ లాంటిది వేస్తే కిడ్నీకి రక్తప్రసరణ మరీ తగ్గుతుంది. టెల్మిసార్టాన్ లాంటి మందు, నీరు తీసే మందు, నొప్పి బిళ్ల... ఈ మూడూ ఒకే మనిషిలో కలవడం కిడ్నీకి ప్రమాదమని డాక్టర్లందరికీ తెలుసు. షాపులో బిళ్లలు కత్తిరించి పొట్లం కట్టే కుర్రాడికి తెలియదు. కొన్ని పొట్లాల్లో స్టెరాయిడ్ కూడా ఉంటుంది, అందుకే అంత తొందరగా 'గుణం' కనబడుతుంది. పక్కనే ఉద్దానం ఉన్న జిల్లాల వాళ్లం. కవిటి, సోంపేట, పలాస వైపు అంతమంది కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇంకా ఖాయంగా తేలలేదు. వేడిలో పని, నీళ్లు చాలకపోవడం అనుమానిస్తున్న కారణాల్లో ఉన్నాయి. తేలే దాకా చేతిలో ఉన్న జాగ్రత్త మనం తీసుకోవచ్చు కదా. అమ్మగారు ఆ పొట్లాలు ఈ రోజే మానాలి. కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్, దానితో పాటు సోడియం, పొటాషియం రక్తపరీక్షలు ఈ వారంలో చేయించండి. నొప్పికి పూసే జెల్, డాక్టర్ చెప్పిన మోతాదులో పారాసెటమాల్, ఫిజియోథెరపీ ఉన్నాయి. బీపీ బిళ్ల మాత్రం మీ అంతట మీరు ఆపకండి. ఎండాకాలం మొదట్లో ఒకసారి, చలికాలం మొదట్లో ఒకసారి డాక్టర్ చేత మోతాదు చూపించుకుంటే చాలు.

మీ సంగతికొస్తే, ఇంట్లో ఒక గదికి ఏసీ పెట్టించండి. పిల్లలు టికెట్లకు పెట్టే డబ్బులో కొంత దీనికి అడగండి, మొహమాటపడకండి. 26, 27 డిగ్రీల్లో ఉంచి పక్కన ఫ్యాన్ తిప్పుకుంటే చాలు. ఫిల్టర్ మాత్రం కడుగుతూ ఉండాలి. గది ఉష్ణోగ్రత 40 దాటితే ఒక్క ఫ్యాన్‌ని నమ్ముకోకూడదు, తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకోవాలి. మంచినీళ్లు, పల్చటి మజ్జిగ, తరవాణి మంచివే. చోడి అంబలి తాగితే దాన్ని భోజనం లెక్కలోకి వేసుకోండి, షుగర్‌కి అది నీళ్లతో సమానం కాదు. ఓఆర్ఎస్ విరేచనాలప్పుడు, బాగా నీరసించినప్పుడు తాగేది, రోజూ తాగే షరబత్తు కాదు. ఇన్సులిన్ 30 డిగ్రీలు దాటితే పాడవుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత ఉద్దానం పల్లెల్లో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు సీసాను ప్లాస్టిక్ డబ్బాలో మూతపెట్టి, ఆ డబ్బాను నీళ్లున్న మట్టికుండలో ఉంచితే కొంత కాపాడుకోవచ్చు. ఎండలో మనిషి తికమకగా మాట్లాడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. 108కి ఫోన్ చేసి, బండి వచ్చే దాకా ఆగకుండా నీడలోకి తెచ్చి, ఒళ్లంతా తడిపి గాలి విసరాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు.

మీ ఉబ్బసానికి బొబ్బిలిలో చెడ్డ నెల మే కాదు. కోతలు, నూర్పిళ్లు, పొద్దున్నే మంచు, భోగి మంటల పొగ... నవంబరు నుంచి జనవరి దాకా మీకు గడ్డుకాలం. ఇన్‌హేలర్ అవసరమైనప్పుడే వాడతానని రాశారు. ఆయాసం తరచూ వచ్చేవాళ్లకు అది చాలదు, రోజూ పీల్చే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ కావాలి. అలవాటైపోతుందన్న భయం వద్దు, బీపీ బిళ్ల రోజూ వేసుకోవడం లేదా! ముందు విజయనగరంలోనో విశాఖలోనో స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల పనితీరు చూసే పరీక్ష, చేయించండి. ఇన్నేళ్లూ వాతావరణం మీదకు నెట్టిన ఆయాసంలో సగం సరైన మందుతోనే తగ్గవచ్చు.

మరి ఎక్కడ ఉండాలి? మీ రిపోర్టులు చూడకుండా చెబుతున్నాననే షరతుతో నా మాట ఇది. ఎడ్మంటన్ మీకు ఏడాది పొడవునా ఉండే ఊరు కాదు. మే నుంచి సెప్టెంబరు దాకా వెళ్లండి, ఇక్కడి ఎండలు తప్పుతాయి, అక్కడి చలీ తప్పుతుంది. నవంబరులో దుమ్ము మొదలయ్యాక రెండు నెలలు మంగళూరు వెళ్లవచ్చు, అప్పటికి అక్కడ వానలు తగ్గి ఉంటాయి. అమ్మాయి దగ్గరే స్థిరపడాలనిపిస్తే ఒక ఏడాది జూలైలో వెళ్లి మూడు వారాలు ఉండి చూడండి. ఆ ముసురులో రాత్రి దగ్గు లేకుండా నిద్ర పడితే ఆ ఊరు మీకు సరిపడినట్టే. బొబ్బిలికి ఉన్న పెద్ద లోటు ఎండ కాదు, గుండెకో మెదడుకో ఏదైనా వస్తే విశాఖ చేరడానికి రెండున్నర, మూడు గంటలు పట్టడం. ఆ విషయంలో మంగళూరు మెరుగు. మాటామంతీ విషయంలో బొబ్బిలి మెరుగు, భాష రాని ఊళ్లో నాలుగు గోడల మధ్య ఉండిపోయే పెద్దవాళ్లకు దిగులు పట్టుకోవడం చూస్తూనే ఉంటాం.

ప్రయాణానికి నెల ముందే ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయించుకోండి. మందుల చీటీలో కంపెనీ పేర్లు కాకుండా మందు అసలు పేర్లు రాయించుకోండి. కెనడాలో అతిథులుగా వెళ్లినవాళ్లకు ప్రభుత్వ వైద్యం ఉచితం కాదు. పిల్లల దగ్గర ఎక్కువ కాలం ఉండేందుకు తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసాకైతే కనీసం లక్ష కెనడా డాలర్ల వైద్య బీమా తప్పనిసరి. మీ ముగ్గురు పాత నేస్తాలు, బీపీ, షుగర్, ఉబ్బసం, ఆ పాలసీలో కవర్ అవుతాయా అని అబ్బాయి చేత రాతపూర్వకంగా అడిగించండి. ఇల్లు ఇప్పుడే బేరం పెట్టకండి. అద్దెకిచ్చినా ఆ ఏసీ గది మీ కోసం ఉంచుకునే ఇవ్వండి.