యూరప్‌లో కొత్త కారు, అమెరికా దాకా ఓడ: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: అమెరికాలో ఉంటున్నాం. జర్మనీలో కొత్త కారు కొనుక్కుని, సెలవుల్లో అందులోనే తిరిగి, తర్వాత ఓడలో ఇంటికి పంపించుకోవచ్చా?

జవాబు: పంపించుకోవచ్చు, కానీ అక్కడి షోరూమ్‌లో కొన్నది కుదరదు. అమెరికా భద్రతా ప్రమాణాలతో తయారుకాని కారుని, దానికి 25 ఏళ్లు నిండేదాకా మామూలు దారిలో దిగుమతి చేసుకోనివ్వరు. ఆర్డర్ ఇవ్వాల్సింది అమెరికాలో మీ డీలర్ దగ్గరే. కంపెనీ అమెరికా కారునే తయారుచేసి, కీస్ మాత్రం యూరప్‌లో చేతికిస్తుంది. తీసుకోగానే డ్రైవర్ వైపు తలుపు తెరిచి, లోపలి అంచున అమెరికా ఫెడరల్ ప్రమాణాల స్టిక్కర్ ఉందో లేదో చూడండి.

మ్యూనిక్‌లో బీఎండబ్ల్యూ ఇచ్చే ఈ సదుపాయం 2020లో ఆగిపోయింది. వోల్వో గోథెన్‌బర్గ్‌లో ఇస్తూ వచ్చింది. ఏ కంపెనీ అయినా, ఇప్పుడు ఇస్తోందో లేదో డీలర్‌ని అడిగాకే విమానం టికెట్ల మాట. అమెరికా దిగుమతి సుంకం సంగతీ అప్పుడే తేల్చుకోండి. ఏళ్ల తరబడి 2.5 శాతమే ఉండేది. 2025 ఏప్రిల్ 3 నుంచి దానిమీద ఇంకో 25 శాతం వేశారు, తర్వాత ఒప్పందం కుదిరి యూరోపియన్ యూనియన్ కార్లకు మొత్తం 15 శాతం చేశారు. చెప్పిన ధరలో సుంకం కలిసే ఉందని కాగితం మీద రాయించుకోండి. డబ్బు మొత్తం కారు చేతికి రాకముందే కట్టాలి. లోన్ అయితే కారు సముద్రం మీద ఉండగానే కిస్తీలు మొదలవుతాయి.

ప్రశ్న: ఎలక్ట్రిక్ కారు తీసుకుంటే?

జవాబు: ఈ పనికి మాత్రం వద్దంటాం. మీది అమెరికా కారు కాబట్టి ఛార్జింగ్ సాకెట్ కూడా అమెరికాదే. యూరప్ హైవేల మీది ఫాస్ట్ ఛార్జర్ ప్లగ్ అందులో దూరదు. నెమ్మదిగా ఛార్జయ్యే ఏసీ కరెంటు ఛార్జింగ్ స్తంభాలకు అడాప్టర్లు దొరుకుతాయి గానీ, మూడు ఫేజుల స్తంభం నుంచి మీ కారు ఒక్క ఫేజునే తీసుకుంటుంది. రాత్రంతా హోటల్లో పెడితే సరిపోతుంది, దారి మధ్యలో అయితే గంటలు గంటలు కూర్చోవాలి.

పెట్రోల్ కారుకీ ఒక చిక్కుంది. అమెరికా బంకుల్లో ఆకుపచ్చ పంపు పిడి అంటే ఎక్కువగా డీజిల్. యూరప్‌లో చాలాచోట్ల ఆకుపచ్చది పెట్రోల్, నల్లది డీజిల్. రంగు చూడకండి, గుర్తు చూడండి: వృత్తంలో ఈ5, ఈ10 అని ఉంటే పెట్రోల్, చతురస్రంలో బీ7 అని ఉంటే డీజిల్. పంపు మీద 95 అంకె చూసి మురిసిపోకండి, పెట్రోల్ గ్రేడు చెప్పే ఆ ఆక్టేన్ అంకెని లెక్కగట్టే పద్ధతి వేరు. అది అమెరికా 91కి దగ్గర.

ప్రశ్న: దారిలో ఏ కాగితాలు ఉండాలి?

జవాబు: దేశం దాటించే కార్లకు జర్మనీ ఇచ్చే ఎగుమతి నంబర్ ప్లేటుకి కుడిపక్క ఎర్రపట్టీ ఉంటుంది. దానిమీద ఉన్న తేదీ దాటితే ఆ కారు రోడ్డెక్కకూడదు. అందుకే గడువుకి రెండు మూడు రోజుల ముందే ఓడకి అప్పగించేలా ప్రయాణం వేసుకోండి. ఏయే దేశాల్లో బీమా ఉందో చూపే ఇన్సూరెన్స్ గ్రీన్ కార్డులో ఏ దేశం గుర్తు కొట్టేసి ఉంటే ఆ దేశంలో మీకు బీమా లేనట్టే. ఇటలీ, ఆస్ట్రియాల్లో అమెరికా లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. బయల్దేరే ముందే ట్రిపుల్ ఏలో (అమెరికా వాహనదారుల సంఘం) తీసుకోండి. ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ హైవేలకు విన్యెట్, అంటే టోల్ కట్టినట్టు చూపే పాస్, కొనాలి. స్విట్జర్లాండ్‌లో ఒక్కరోజు తిరిగినా ఏడాదిదే కొనాలి, 40 ఫ్రాంకులు.

ప్రశ్న: ఓడకి అప్పగించేటప్పుడు ఏం చూసుకోవాలి?

జవాబు: అన్నిటికన్నా ముందు మట్టి. వేరే దేశపు మట్టితో పురుగులు, తెగుళ్లు వస్తాయని అమెరికా వ్యవసాయ శాఖ అంగీకరించదు. పైపైన మెరిసేలా కడిగితే చాలదు. చక్రాల పైన లోపలి అంచుల్లో, కారు అడుగున, మ్యాట్ల కింద చిక్కుకున్నదీ పోవాలి. ఆల్ప్స్ కొండల్లో తిరిగొస్తే ప్రెషర్ వాష్ తప్పదు. ట్యాంకులో పెట్రోలు పావు భాగం దాటకూడదు. డిక్కీ స్థలం కలిసొస్తుంది కదా అని కొన్న సామాన్లు అందులో సర్దకండి. వాటికి బీమా వర్తించదు, కస్టమ్స్ వాళ్లు కారుని ఆపేయడానికీ అదొక కారణమవుతుంది.

రాళ్లు తగిలి అద్దం మీద పడిన చుక్కలు, ఫుట్‌పాత్‌కి రాసుకున్న రిమ్ము మీ ఖాతాలోవే, ఓడ బీమా వాటికి రాదు. అప్పగించే చోటే నాలుగు వైపులా, నాలుగు రిమ్ములకీ ఫొటోలు తీసి, తనిఖీ కాగితం కాపీ తీసుకోండి. కారు ఇంటికి చేరడానికి సాధారణంగా ఆరు నుంచి పది వారాలు. డీలర్ దగ్గర తీసుకునేటప్పుడు పగటి వెలుగులో చూసి, కొత్త గీతలుంటే మీరు సంతకం పెట్టే కాగితంలో ముందే రాయించండి.