విమానంలో కుడి వైపా, ఎడమ వైపా? బయటి దృశ్యం బాగా కనబడే కిటికీ సీటు ఎలా ఎంచుకోవాలి?

ఏ వైపు కూర్చోవాలన్నది ముందుగా దిక్కును బట్టి తేలుతుంది. విమానం తూర్పుకి పోతుంటే ఎడమ చేతి వైపు ఉత్తరం, కుడి వైపు దక్షిణం. పడమరకి పోతుంటే తారుమారు. ఢిల్లీ నుంచి కాఠ్మాండూ వెళ్లేటప్పుడు హిమాలయాలు ఉత్తరాన ఉంటాయి కాబట్టి ఎడమ వైపు, అంటే ‘A’ అక్షరం ఉన్న సీటు. తిరుగు ప్రయాణంలో కుడి వైపు. ఆ సీటు అక్షరం వరుసకు ఆరు సీట్లుండే విమానాల్లో ఎఫ్, పెద్దవాటిలో చాలావరకు కే.

దూర ప్రయాణాలకు మాత్రం మ్యాపు మీద స్కేలు పెట్టి గీత గీయకండి. భూమి గుండ్రం, మ్యాపు బల్లపరుపు. ఫ్లైట్‌రాడార్24లో మీ విమానం నంబరు కొట్టి, గత కొద్ది రోజుల్లో అది నిజంగా ఏ దారిన వెళ్లిందో చూడండి. మీరు చూడాలనుకున్న కొండో ద్వీపమో దాదాపు ప్రతిసారీ ఒకే పక్కన పడుతుంటే ఇక సందేహం లేదు. సరిగ్గా దారి కిందే పడుతుంటే ఆశ వదులుకోవచ్చు, ఎందుకంటే విమానం పొట్ట కింద ఉన్నది ఏ కిటికీకీ కనబడదు. 35,000 అడుగుల ఎత్తు నుంచి 45 డిగ్రీలు కిందికి చూస్తే కనబడే చోటు దారికి పది కిలోమీటర్లకు పైగా పక్కన ఉంటుంది.

తర్వాత ఎండ. సూర్యుడికి ఎదురుగా ఉన్న కిటికీలో అద్దం మీది ప్రతి గీతా మెరుస్తుంది, నేల మసకబారి తెల్లగా కనబడుతుంది. నేలను చూడాలంటే నీడ వైపు కూర్చోవాలి. మబ్బుల మీద విమానం నీడ, దాని చుట్టూ రంగుల వలయం కనబడేదీ ఆ పక్కనే. సూర్యోదయమే కావాలంటే సంగతి వేరు: ఉత్తరానికి వెళ్లే విమానంలో కుడి వైపు, దక్షిణానికైతే ఎడమ వైపు.

వైపు సరిగ్గా ఎంచుకుని వరుస దగ్గర పప్పులో కాలేసేవాళ్లే ఎక్కువ. ఏ320, బోయింగ్ 737 లాంటి వాటిలో సుమారు 10 నుంచి 20వ వరుస దాకా కింద రెక్కే కనబడుతుంది. రెక్కకు ముందు సీటు దొరికితే అదే మేలు. వెనకైతే ఇంజిన్ నుంచి వచ్చే వేడిగాలికి దృశ్యం ఎండమావిలా అల్లాడుతుంది, ఫొటోలు ఎంత తీసినా మసకే. ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానంలో రెక్క పైన ఉంటుంది కాబట్టి నేల బాగా కనబడుతుంది. అక్కడ తప్పించుకోవాల్సింది ప్రొపెల్లర్ పక్క వరుసల్ని.

737లో ఇంకో చిక్కుంది. రెక్కకు కాస్త ముందు ఏసీ గొట్టం గోడ లోపలి నుంచి పైకి పోతుంది, అక్కడ కిటికీయే ఉండదు. కిటికీ సీటుకు డబ్బు కట్టి గోడ చూస్తూ కూర్చోవాల్సి వస్తుంది. అసలు కిటికీల మధ్య దూరం సుమారు 20 అంగుళాలు, సీట్ల మధ్య దూరం 28 నుంచి 32. రెండూ కలవవు కనుక కొన్ని వరుసల్లో కిటికీ భుజం వెనక్కి పోతుంది. ఎయిరోలోపా సైట్‌లోని సీటు పటాల్లో కిటికీలు ఉన్నచోటే గీసి ఉంటాయి, బుక్ చేసే ముందు చూసుకోండి. చివరి నిమిషంలో వేరే రకం విమానం వేస్తే మాత్రం ఈ కసరత్తంతా వృథా.

దిగేటప్పుడు ఊరు ఏ పక్కన వస్తుందో ముందే గ్యారంటీగా చెప్పలేం. విమానాలు గాలికి ఎదురుగా దిగుతాయి. గాలి మారితే అదే రన్‌వే మీదికి అవతలి కొస నుంచి వస్తారు, కుడి ఎడమవుతుంది. ఏ కొస ఎక్కువగా వాడుతున్నారో పైన చెప్పిన పాత దారుల్లోనే తెలుస్తుంది.

ఫొటోలకు పోలరైజర్ ఫిల్టర్ తీసేయండి, లేకపోతే కిటికీ ప్లాస్టిక్ మీద ఇంద్రధనుస్సు చారలు పడతాయి. లెన్స్‌ను కిటికీకి దగ్గరగా పెట్టండి కానీ ఆనించకండి, ఆనిస్తే అదురు ఫొటోలోకి వస్తుంది.