వాదించే పాపను లా చదివించొచ్చా?

ప్రశ్న: మాది కర్నూలు పక్కన కల్లూరు. పాప ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఉరిశిక్ష తప్పా ఒప్పా, రిజర్వేషన్ ఎందుకు అని ఇంట్లో ఎప్పుడూ వాదనే. శ్రీశైలం ముంపులో మా నాయన పొలం పోయింది. ముంపు కుటుంబాలకు ఇస్తామన్న 98వ జీవో ఉద్యోగం కోసం మా అన్న ఏళ్ల తరబడి తిరిగాడు. ‘మీరెందుకు ఊరుకున్నారు’ అని పాప మా మీదే ఎగురుతుంది. ఇంజినీరింగ్ వద్దు, లా చదువుతానంటోంది. మాటలు కూడు పెడతాయా సార్?

జవాబు: ఎంపీసీ గురించి టెన్షన్ వద్దు. ఏ గ్రూపుతో ఇంటర్ పాసైనా ఐదేళ్ల లా కోర్సులో చేరొచ్చు. అసలు చూడాల్సింది వేరే ఉంది.

ఈ ఆదివారం పాపను కూర్చోబెట్టి ఆ ముంపు పొలం సంగతే ఎత్తండి. కానీ ప్రభుత్వం తరఫున మాట్లాడమనండి. కరెంటు కావాలి, నీళ్లు కావాలి, అందుకు కొన్ని ఊళ్లు మునిగితే న్యాయమేనని పది నిమిషాలు నిలబడి చెప్పాలి. రెండో నిమిషానికే ‘అది అన్యాయం, అంతే’ అని లేచిపోతే, ఉన్నది కోపమే. మంచి కోపమే, కాదనను. అలా కాకుండా పరిహారం ఎంతిస్తే సరిపోతుంది, ఊరు ఒప్పుకోకపోతే ఏం చేయాలి అని తనకు తానే అడ్డుప్రశ్న వేసుకుంటే మాత్రం ఈ పిల్లను ఆపకండి.

ఇంకో పని కూడా చెప్పండి. ఆస్తి హక్కు ఒకప్పుడు ప్రాథమిక హక్కు. 1978 నాటి 44వ సవరణ దాన్ని ఆ జాబితాలోంచి తీసేసింది. ఇప్పుడది 300ఏ అధికరణం కింద రాజ్యాంగ హక్కు, ప్రాథమిక హక్కు మాత్రం కాదు. ఎందుకు తీశారో, అది సబబేనో రెండు పేజీలు రాయమనండి. నోటితో గెలిచే పిల్లలు చాలామంది కాగితం ముందు బోల్తా పడటం నేను చూశాను.

జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్‌లోనూ అదే తంతు. రెండు గంటలు, 120 ప్రశ్నలు, తప్పుకు పావు మార్కు కోత, అంతా ఇంగ్లీషే. లీగల్ రీజనింగ్‌లో వాళ్లిచ్చిన సూత్రం మనకు నచ్చకపోయినా దాని ప్రకారమే జవాబు పెట్టాలి. అందులో మంచి ర్యాంకొస్తే విశాఖలోని దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ ఉంది. ఆ సంజీవయ్య పుట్టింది మీ పక్కనున్న పెద్దపాడులోనే. ఫీజు మాత్రం బరువే, ముందే కనుక్కోండి. ప్రశ్నపత్రం తెలుగులోనూ కావాలంటే రాష్ట్రంలోని లా కాలేజీల ప్రవేశ పరీక్ష లాసెట్ రాయించండి.

సివిల్స్ అంటారా, 2013 నుంచి మెయిన్స్‌లో ఎథిక్స్‌కే, అంటే ఇలాంటి తప్పొప్పుల చర్చకే, 250 మార్కుల పేపరుంది. అది డిగ్రీ తర్వాత మాట.

కూడు సంగతి దాచకుండా చెప్తాను. కోర్టులో జూనియర్‌గా మొదటి రెండు మూడేళ్లు చేతికొచ్చేది పెట్రోలుకు సరిపోతే గొప్ప. ఇంటి నుంచి ఆసరా ఇవ్వగలరో లేదో ఇప్పుడే లెక్క వేసుకోండి.

ఆదివారం మీ అన్నను కూడా పిలవండి. జడ్జి కుర్చీ ఆయనకివ్వండి. మీరు మాత్రం మధ్యలో ‘పెద్దోళ్లతో వాదనేంది’ అనొద్దు.