ఇంజన్ దించకుండా ఇంటి దగ్గరే లారీ క్యామ్ షాఫ్ట్ తీయొచ్చా?

తీయొచ్చు. క్యామ్ షాఫ్ట్ అంటే వాల్వులను ఎత్తే గుబ్బలున్న ఇరుసు. దానికి ఇంజన్ దించక్కర్లేదు, హెడ్డు కూడా విప్పక్కర్లేదు. మీ నాన్నగారి లారీలో ఉన్నది కమిన్స్ 6బీటీ అని, ట్యాపెట్లు సెట్ చేయించినా, అంటే వాల్వుల సందు సరిచేయించినా, పది రోజుల్లో మళ్ళీ టకటక మొదలవుతోందని, షెడ్డులో ఇంజన్ మొత్తం దించాలన్నారని రాశారు కదా. సరిగ్గా అదే ఇంజన్‌కి నేను గజపతినగరం దగ్గర మా ఊరి కళ్ళంలో, చింతచెట్టు కింద క్యామ్ షాఫ్ట్ మార్చాను. మొదటిసారి చెడగొట్టాను, రెండోసారి కుదిరింది. చెడగొట్టిన కథే మీకు ఎక్కువ పనికొస్తుంది.

కుర్రతనంలో సాలూరులో ఒక లారీ మేస్త్రీ దగ్గర మూడేళ్ళు పనిచేశాను. 2022 నుంచి ఆ ఊరు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది గానీ అప్పుడు మా విజయనగరం జిల్లాయే. పాత 43వ నంబరు హైవే, ఇప్పటి 26, ఊరిమీదుగానే పోతుంది. సుంకి ఘాటీ దిగి వచ్చిన బండ్లు ఏదో ఒక రోగంతో మా షెడ్డు ముందు ఆగేవి. మేస్త్రీ ఒకటే అనేవాడు: “క్యామ్ లాగడం ఏటి పెద్ద పని? ట్యాపెట్లు కింద పడిపోకుండా సూసుకో, అదీ పని.” అప్పుడు తలూపాను. నిజంగా అర్థమయింది మాత్రం పదిహేనేళ్ళ తర్వాత, నా సొంత బండి దగ్గర.

ఈ ఇంజన్‌లో ట్యాపెట్, అంటే క్యామ్ గుబ్బ పైకి తోసే ముక్క, పుట్టగొడుగును తిరగేసినట్టు ఉంటుంది. వెడల్పు భాగం కింద క్యామ్ మీద ఆనుతుంది, కాడ బ్లాకు కన్నంలో ఉంటుంది. కాబట్టి పైనుంచి బయటికి రాదు. కింద క్యామ్ లేకపోతే మాత్రం జారి అడుగున ఆయిల్ ఛాంబర్‌లో పడిపోతుంది. ఇలాంటివి మొత్తం 12. ఆ 12నీ పైకెత్తి, క్యామ్ బయటికొచ్చేదాకా పట్టి ఉంచాలి. దీనికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు, అర అంగుళం మందం గుండ్రటి చెక్క పుల్లలు 12 చాలు. పైన వాల్వులను నొక్కే రాకర్లు, ట్యాపెట్ కదలికను వాటికి అందించే పుష్ రాడ్లు తీసేశాక, పుష్ రాడ్ ఉండే కన్నంలోంచే పుల్లను దించి ట్యాపెట్ గుంటలో బిగేలా తట్టాలి. తర్వాత పైకి లాగి, పక్కపక్క పుల్లల్ని రెండేసి చొప్పున రబ్బరుతో కట్టేయాలి. పాత సైకిల్ ట్యూబును అడ్డంగా కోస్తే ఎన్ని రబ్బరు రింగులు కావాలంటే అన్ని వస్తాయి.

నేను చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే, వడ్రంగి దగ్గరకి వెళ్ళే ఓపిక లేక రాత్రి కూర్చుని వెదురు చెక్కాను. వెదురు గుండ్రంగా రాదు, పైగా పచ్చిది. క్యామ్ సగం బయటికొచ్చాక లోపల ‘టంగ్’మంది. ఆ శబ్దం ఇప్పటికీ గుర్తుంది. ఐదో సిలిండర్ ట్యాపెట్. ముందు యాక్సిల్ అడ్డొస్తుంటే బండిని జాకీలెత్తి, చెక్క దిమ్మలు పెట్టి, ఆయిల్ ఛాంబర్ దించి దాన్ని వెతికి తీసేసరికి ఒకటిన్నర రోజు పోయింది. తర్వాత మా ఊరి వడ్రంగి ఎండిన టేకుతో పుల్లలు చేసిచ్చాడు, కొసలు కాస్త సన్నంగా. ఇప్పుడు నా పద్ధతి: అన్నీ కట్టేశాక క్యామ్ ముట్టుకోను. టీ తాగి, అరగంట తర్వాత వచ్చి ఒక్కో పుల్లనూ చూస్తాను. ఏ ఒక్కటైనా కిందికి దిగిందంటే అది మళ్ళీ దిగుతుంది, దాన్ని మార్చాల్సిందే.

అయితే ఇదంతా మొదలుపెట్టే ముందు అసలు క్యామ్ అరిగిందో లేదో తేల్చుకోండి. శబ్దం వస్తే చాలు, క్యామ్ పోయిందనేస్తారు. వాల్వ్ కవర్ తీసి, డయల్ గేజ్ (సన్నటి కదలికను ముల్లుతో చూపే కొలత పరికరం) పెట్టి, ఇంజన్‌ని చేత్తో తిప్పుతూ ఒక్కో పుష్ రాడ్ ఎంత పైకి లేస్తోందో కొలవండి. ఇన్‌లెట్‌ని ఇన్‌లెట్లతో, ఎగ్జాస్ట్‌ని ఎగ్జాస్ట్‌లతో పోల్చాలి. ఒకటి మిగతావాటికన్నా బాగా తక్కువ లేస్తే అక్కడ క్యామ్ గుబ్బ అరిగినట్టే. అన్నీ సమానంగా ఉంటే రాకర్ బుష్షులు చూడండి, పుష్ రాడ్‌ని అద్దం మీద దొర్లించి వంకర ఉందేమో చూడండి.

అరిగిందని తేలితే తర్వాతి పని టేపుతో. క్యామ్ ముందువైపుకే వస్తుంది, దాదాపు బ్లాకంత పొడవుంటుంది. నా బండిలో రేడియేటర్, ఫ్యాన్ తీశాక దారి దొరికింది. మీ బండిలో ముందు ఏమడ్డొస్తుందో కొలిచాకే పానా పట్టండి. బ్యాటరీ వైరు తీయడం, చక్రాలకి దిమ్మలు పెట్టడం నేను చెప్పక్కర్లేదనుకుంటాను. తీసిన పుష్ రాడ్లను థర్మాకోల్ డబ్బాకి 12 కన్నాలు పొడిచి వరసలో గుచ్చండి. కింద గోనెసంచులు పరుచుకోండి, కానీ వాటితో ఏ పార్టూ తుడవొద్దు, పీచు వదులుతాయి. పాత లుంగీ గుడ్డ మేలు.

టైమింగ్ కవర్ విప్పడానికి ముందు క్రాంక్ కొసనున్న డ్యాంపర్ చక్రం తీయాలి. డీజిల్‌ని పెద్ద పంపుకి అందించే ఫీడ్ పంపు కూడా తీసేయండి. దాన్ని క్యామే నడుపుతుంది కాబట్టి ఉంచేస్తే క్యామ్ అక్కడ తట్టుకుంటుంది. ఇంజన్ తిప్పి ఒకటో సిలిండర్ టీడీసీకి (పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటు) తెచ్చి, క్రాంక్ గేరు గుర్తు క్యామ్ గేరు గుర్తులతో కలిసిందో చూడండి. గేర్ హౌసింగ్ వెనక టైమింగ్ పిన్ను ఒకటుంటుంది, అది టీడీసీ దగ్గర క్యామ్ గేరు కన్నంలో దిగుతుంది. చూసుకున్నాక దాన్ని వెనక్కి లాగేయండి. లోపలే ఉంచి ఇంజన్ తిప్పితే విరుగుతుంది. డీజిల్ పంపు గేరు కూడా క్యామ్ గేరుతోనే తిరుగుతుంది. క్యామ్ రాగానే అది వదులైపోతుంది కాబట్టి ముందే రెండు గేర్ల పళ్ళ మీద తెల్ల పెయింటు చుక్కలు పెట్టి, ఫోన్లో ఫొటో తీసుకోండి. ఫొటో మర్చిపోయినా చుక్కలు మర్చిపోవద్దు.

ఇక క్యామ్ ముందుకీ వెనక్కీ జరక్కుండా పట్టే థ్రస్ట్ ప్లేటు బోల్టులు రెండు. గేరు కన్నాల్లోంచి కనిపిస్తాయి. అవి విప్పాక క్యామ్‌ని అటూ ఇటూ నెమ్మదిగా తిప్పుతూ నిటారుగా లాగాలి. గేరుతో కలిపి బరువుంటుంది. మా తమ్ముడు ఒక చేత్తో కింద పట్టుకుంటే నేను లాగాను. బరువు వదిలేస్తే గుబ్బలు బేరింగ్ కన్నాలను గీరేస్తాయి.

కొత్త క్యామ్‌కి పాత ట్యాపెట్లు వేయొద్దు. పాతవి గుంటలు పడి ఉంటే కొత్త గుబ్బను కొన్నాళ్ళకే తినేస్తాయి. వాటిని మార్చడానికి క్యామ్ కన్నంలోకి దొప్పలాంటి గొట్టం పూర్తిగా దూర్చి, పుల్ల వదిలి, ట్యాపెట్ అందులో పడ్డాక బయటికి లాగాలి, ఒక్కొక్కటిగా. కొత్తది ఎక్కించడం ఇంకా చికాకు. ఈ ఒక్క పనికి నేను సాలూరు నుంచి మా పాత జోడీగాణ్ణి పిలిపించాను, అతని దగ్గర పరికరం ఉంది. మీరూ ఆ ముక్కకి తెలిసినవాణ్ణి పిలవండి, ఇందులో నామోషీ ఏం లేదు. గేరు పాత క్యామ్ మీంచి తీసి కొత్తదానికి ఎక్కించడం లేత్ షాపులో ప్రెస్ మీద చేయించండి. సుత్తితో కొట్టి తీద్దామనుకోవద్దు.

బిగించేటప్పుడు గుబ్బలకీ ట్యాపెట్లకీ ఆయిల్ బాగా పూయండి. థ్రస్ట్ ప్లేటు బోల్టులకి 24 న్యూటన్ మీటర్లు చాలు. ముందు సీలు కొత్తది వేయండి, అయితే సీలు పెదవికీ క్రాంక్ ముక్కుకీ మాత్రం ఆయిల్ అంటకూడదు. ఈ సీలు పొడిగానే కూర్చోవాలి. చల్లటి ఇంజన్‌లో ఇన్‌లెట్ క్లియరెన్స్ 0.25, ఎగ్జాస్ట్ 0.50 మిల్లీమీటర్లు. ఒకటో సిలిండర్ కంప్రెషన్ టీడీసీలో ఉన్నప్పుడు 1, 2, 4 ఇన్‌లెట్లు, 1, 3, 5 ఎగ్జాస్ట్‌లు సెట్ చేసి, క్రాంక్ ఒక చుట్టు తిప్పి మిగతావి. ఇవి 6బీటీ లెక్కలు, వేరే ఇంజన్‌కి వాడొద్దు.

స్టాప్ లివర్ లాగి పట్టుకుని, ఆయిల్ ప్రెషర్ కనిపించేదాకా సెల్ఫ్ కొట్టండి, మధ్యమధ్య ఆపుతూ. ఆ తర్వాతే స్టార్ట్. మొదటి ఇరవై నిమిషాలు ఐడిల్‌లో వదలకుండా కాస్త రేజ్‌లో ఉంచండి.

ఇప్పటికి కవర్ ఒక్కటి తీసి, 12 పుష్ రాడ్ల కొలతలూ ఇక్కడ రాయండి. ఏ సిలిండరో చూసి, విప్పాలో వద్దో చెప్తాను.