‘ఎన్ని గోల్స్ కొట్టావు?’ అని అడగకండి

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా టంగుటూరు దగ్గర పల్లె. మా వారు పొగాకు రైతు, ఆకు కాల్చే బ్యారన్ ఒకటి ఉంది. మా చిన్నోడికి పంతొమ్మిదేళ్లు, ఇంటర్ పాసయ్యాడు. హైస్కూల్లో పీఈటీ సారు ఫుట్‌బాల్ నేర్పించారు. తర్వాత హాస్టల్ ఉన్న అకాడమీలో చేర్చాం. పోయినేడు బెంగళూరులో ఒక క్లబ్బు రెండేళ్లకు తీసుకుంది. స్ట్రైకర్‌గా, అంటే ముందుండి గోల్స్ కొట్టేవాడిగా ఆడతాడు. ఇప్పటికి పదకొండు మ్యాచ్‌ల్లో దింపారంట, అదీ చివరి పది పదిహేను నిమిషాలు. ఒక్క గోలే కొట్టాడు. మ్యాచ్ అయిన ప్రతిసారీ మా వారు ఫోన్ చేసి ఎన్ని గోల్స్ అని అడిగేవారు. డిసెంబర్‌లో కీపర్ లేని గోల్ ముందు కూడా బయటికి తన్నాడని ఆ వీడియో ఊళ్లో అందరి ఫోన్లలో తిరిగింది. తొడ వెనక నరం పట్టిందని సంక్రాంతికి వచ్చాడు, తిరిగి వెళ్లలేదు. క్లబ్బు వాళ్లు ఫోన్ చేస్తే ఎత్తడు. రెండు నెలల జీతం కూడా రావాలి. మా వారేమో ‘ఇంక చాలు, కానిస్టేబుల్‌కి చదువు. ఛెత్రి ఇరవై ఏళ్లకే దేశానికి ఆడాడు, నువ్వేంది?’ అన్నారు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. డ్వాక్రా లోనులోంచి వాడికి నెలకు మూడు వేలు పంపేదాన్ని, ఈ సంగతి ఆయనకు తెలియదు. వాడు అన్నం సగంలో లేచిపోతున్నాడు. బూట్లు మాత్రం కడిగి పేపర్లో చుట్టి అటక మీద పెట్టుకున్నాడు. వాణ్ణి ఆటకు పంపాలా, ఆపాలా?
— ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివింది బూట్ల సంగతి. ఆట మీద మనసు విరిగిపోతే ఆ బూట్లు మట్టితోనే ఓ మూల పడి ఉండేవి, లేదంటే ఊళ్లో ఏ పిల్లాడికో ఇచ్చేసేవాడు. కడిగి దాచుకున్నాడంటే ఇంకా తేల్చుకోలేదన్నమాట. మీరూ ఇప్పుడే తేల్చకండి. కాలు నొప్పి, ఊళ్లో ఎగతాళి, ఇంట్లో మాటల్లేవు. ఇన్నిటి మధ్య తీసుకున్న నిర్ణయం ఏదైనా తర్వాత నెలకే బాధపెడుతుంది.

అయితే అన్నం సగంలో లేవడాన్ని తేలిగ్గా తీసుకోకండి. రాత్రిళ్లు నిద్రపోతున్నాడా? స్నేహితులతోనైనా మాట్లాడుతున్నాడా? ‘నేనుండి ఏం లాభం’ లాంటి మాట ఎప్పుడైనా అన్నాడా? అని ఉంటే ఒక్కరోజు కూడా ఆగొద్దు, ఒంగోలులో మానసిక వైద్యులకు చూపించండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. వాడు చేయకపోతే మీరైనా చేయండి.

కాలి సంగతి. మనం నరం పట్టిందంటాం గానీ అక్కడ పట్టేది కండరం, హామ్‌స్ట్రింగ్ అంటారు. ఉన్నట్టుండి పరుగందుకునే ఆటగాళ్లకు తరచూ తగిలే దెబ్బ. పూర్తిగా మానకముందే పరిగెత్తితే మళ్లీ అక్కడే పట్టేస్తుంది. నూనె మర్దనా చేసి లాగించే పని పెట్టుకోకండి. డాక్టరుకు, ఫిజియోథెరపిస్టుకు చూపించి, ఎన్ని వారాల విశ్రాంతి కావాలో కాగితం మీద రాయించుకోండి.

ఆ కాగితంతో ఇంకో అవసరం ఉంది. ఒప్పందం మీద సంతకం పెట్టిన ఆటగాడు చెప్పాపెట్టకుండా ఇంట్లో కూర్చుంటే తప్పు వాడి మీదికే వస్తుంది. రావాల్సిన జీతం గట్టిగా అడగలేడు. రేపు వేరే క్లబ్బుకు మారాలన్నా వాడి రిజిస్ట్రేషన్ ఈ క్లబ్బు దగ్గరే ఉంటుంది. అందుకని ఈ వారమే ఒక ఈమెయిల్ పెట్టించండి: ‘గాయమైంది, డాక్టరు కాగితం జతచేశాను, ఫలానా తేదీకి వస్తాను, రెండు నెలల జీతం రావాలి.’ నాలుగు ముక్కలు చాలు. ఫోన్‌లో కాకుండా రాతలోనే ఉండాలి. ఒప్పందం కాపీ మీ ఇంట్లో ఉందా? లేకపోతే అదీ అడగమనండి. జీతం నానితే సాయం అడగడానికి ఫుట్‌బాల్ ప్లేయర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా అనే ఆటగాళ్ల సంఘం ఉంది. ఇదేమీ మీ వాడి ఒక్కడి కష్టం కాదు. 2025లో దేశంలో పెద్ద లీగ్ అయిన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) సీజన్ సమయానికి మొదలుకాకపోతే పెద్ద క్లబ్బులే కొన్ని జీతాలు ఆపేశాయి.

ఇక మీ వారి మాట. ఛెత్రి గురించి ఆయన అన్నది నిజమే. సికింద్రాబాద్‌లో పుట్టిన సునీల్ ఛెత్రి 2005 జూన్‌లో, ఇంకా ఇరవై ఒకటి నిండకుండానే, క్వెట్టాలో పాకిస్థాన్ మీద తొలి మ్యాచ్ ఆడాడు, గోల్ కూడా కొట్టాడు. మిగతా సగం కూడా చెప్పుకోవాలి కదా. 2009లో లండన్‌లోని క్వీన్స్ పార్క్ రేంజర్స్ తీసుకుంటే వర్క్ పర్మిట్ రాలేదు. 2010లో అమెరికాలో కాన్సాస్ సిటీ జట్టుకు వెళ్లి, చోటు దొరక్క అదే ఏడాది తిరిగొచ్చాడు. 2012లో పోర్చుగల్ వెళితే అక్కడా రెండో జట్టులో కొద్ది మ్యాచ్‌లతోనే సరి. అదే మనిషి నలభై ఏళ్ల వయసులో 2024-25 ఐఎస్‌ఎల్‌లో 14 గోల్స్ కొట్టాడు. ఎవరితోనైనా పోల్చాలనుకుంటే ఇరవయ్యో ఏట ఆగిపోకూడదు.

మన దేశంలో స్ట్రైకర్‌ది ఇరుకు దారి. క్లబ్బులు విదేశీ ఆటగాళ్ల కోసం డబ్బు పెట్టేటప్పుడు ముందు చూసేది గోల్ కొట్టేవాణ్ణే. 2014 నుంచి 2025 దాకా పదకొండు ఐఎస్‌ఎల్ సీజన్లలో ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ ఒక్కసారీ భారతీయుడికి రాలేదు. పంతొమ్మిదేళ్ల డిఫెండర్‌కు దొరికినంత త్వరగా పంతొమ్మిదేళ్ల స్ట్రైకర్‌కు చోటు దొరకదు. చివరి పది నిమిషాలకు దింపితే బంతి వాడి కాలికి రెండు మూడుసార్లు తగిలితే గొప్ప. పదకొండు మ్యాచ్‌లని లెక్కేస్తున్నాం గానీ, నిమిషాలు కూడితే రెండు మ్యాచ్‌లు కూడా కావు. వాణ్ణి పనికిరాడనుకుంటే కోచ్ పదకొండుసార్లు దింపడు.

ఈ లెక్క మీ వారికి చెప్పాలంటే ఫుట్‌బాల్ అక్కర్లేదు, ఆయనకు తెలిసిన సంగతే చాలు. వేలం కేంద్రానికి పొగాకు బేళ్లు తీసుకెళ్లిన రోజు కొన్నిటికి ‘నో బిడ్’ పడుతుంది. కొనేవాడు ఇలా తాకి, అలా చూసి ముందుకెళ్లిపోతాడు. ఆ బేళ్లను మళ్లీ బండికెక్కించుకుని ఇంటికొస్తారు. ఆ సాయంత్రం గుమ్మంలోనే ‘ఎంతకు పోయింది?’ అని మీరు అడుగుతారా? అడగరు. ఆయన ముఖం చూసి కాళ్లకు నీళ్లిచ్చి ఊరుకుంటారు. మీ అబ్బాయికి మ్యాచ్ అయిన ప్రతిసారీ ఫోన్‌లో వినపడింది ఆ గుమ్మంలో ప్రశ్నే. పైగా పొగాకుకు ఆ మాట వినపడదు, వీడికి వినపడుతుంది. ఎన్ని గోల్స్ అనే ముక్క ఈ సీజన్ అయ్యేదాకా ఇంట్లో ఎవరూ ఎత్తకుండా చూడండి. ‘తిన్నావా, కాలెట్టా ఉంది’ చాలు.

మీ గురించి కూడా ఒక మాట చెప్పాలి, నొచ్చుకోకండి. ఆ మూడు వేలు ప్రేమతోనే పంపారు. కానీ నాన్నకు తెలియకూడదని వాడితో కూడా దాచిపెట్టించారు. అమ్మ అప్పు చేసి పంపిందన్న సంగతి మనసులో పెట్టుకుని గోల్ ముందు నిలబడ్డ కుర్రాడి కాలు బిగుసుకుపోదా? మీ వారికి మీరే చెప్పండి. గొడవ మధ్యలో కాదు, ఒక ప్రశాంతమైన పూట, ఎంత తీసుకున్నారో ఎంత కట్టారో పుస్తకం చేతిలో పెట్టుకుని. కోప్పడతారు. రెండు రోజులు కోప్పడనివ్వండి.

కానిస్టేబుల్ ఉద్యోగాన్ని మీ ఇంట్లో ఆటకు శత్రువును చేశారు. త్రిశూర్ స్టేడియంలో సోడాలమ్మిన ఐ.ఎం. విజయన్ పదిహేడేళ్లకే కేరళ పోలీసు జట్టులో చేరాడు. ఆ జట్టు 1990, 1991లలో ఫెడరేషన్ కప్ గెలిచింది. ఆయన దేశానికి కెప్టెన్ అయ్యాడు, 2025లో పద్మశ్రీ వచ్చింది. అంతటి స్ట్రైకర్ ఒంటి మీద కూడా ఖాకీ ఉండేది. మన దగ్గర పోలీసు ఉద్యోగానికి రాతపరీక్ష రాయాలి నిజమే, కానీ దానికి కావాల్సిన పరుగు మీ వాడికి వచ్చినదే. ఆడిన ప్రతి టోర్నమెంటు సర్టిఫికెట్టూ జాగ్రత్త చేయమనండి, స్పోర్ట్స్ కోటా అడిగేచోట అవే పనికొస్తాయి. దూరవిద్యలో డిగ్రీ కట్టించండి.

నా సలహా అడిగారు కాబట్టి చెబుతున్నా: కాలు మానాక పంపండి. సీజన్ ముగిశాక, ఎండాకాలంలో, ముగ్గురూ కూర్చుని రెండో ఏడాది సంగతి మాట్లాడుకోండి. ఈ క్లబ్బులో నిమిషాలు దొరక్కపోతే కిందిస్థాయి జట్టుకు లోన్ మీద, అంటే కొంతకాలం ఆడి తిరిగొచ్చేలా, పంపమని అడగొచ్చు. 2013 మేలో ఇంగ్లండ్ క్లబ్బు లెస్టర్ సిటీ బెంచీ మీద కూర్చున్న ఇద్దరు కుర్రాళ్ల ఫొటో ఒకటుంది, మీ వాడికి తెలిసే ఉంటుంది. ఒకడు లోన్ మీద వచ్చిన హ్యారీ కేన్, రెండోవాడు జేమీ వార్డీ. ఇద్దరూ మొదటి పదకొండు మందిలో లేరు. మూడేళ్లకు ఒకడు ఇంగ్లండ్ లీగ్‌లో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టాడు, రెండోవాడి జట్టు టైటిలే గెలిచింది. ఆ ఫొటో మీకు కాదు, వాళ్ల నాన్నకు చూపించమనండి.

ఎప్పుడంటే, ఇప్పుడు మీ ఊళ్లో బ్యారన్లు మండే రోజులు. మీ వారు రాత్రిళ్లు అక్కడే ఉంటారు కదా, కట్టెలు ఎగదోస్తూ, వేడి చూసుకుంటూ. ఎదురెదురుగా కూర్చుంటే ఈ ఇద్దరికీ మాట పెగలదు. పొయ్యి వైపు చూస్తూ పక్కపక్కన కూర్చుంటే గంటకో మాటైనా వస్తుంది. పదింటికి ఫ్లాస్కులో టీ పోసి వాడి చేత పంపండి. గ్లాసులు రెండు పెట్టండి. మీరు మాత్రం వెంట వెళ్లకండి.